ఉత్త కాగితం

సూర్యాపేటలో ఒక కిరాయి ఇల్లు. ఆదివారం మధ్యాహ్నం, భోజనాలు అయిపోయాయి. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే దయాకర్ రేపు హైదరాబాద్‌లో తన పీహెచ్‌డీ గైడు సార్‌ను కలవడానికి సంచి సర్దుకుంటున్నాడు. భార్య ఆండాళు గుమ్మంలో నిలబడి చూస్తున్నది. అరుగు మీద అతని తల్లి జయమ్మ వత్తులు చేసుకుంటున్నది.

"అది కాదండీ, నేనడిగింది వేరు. టిఫిన్ క్యారియర్ పై గిన్నెలో ఏం పెట్టారు అని."

"చెప్పిన గద. సామాను."

"ఏం సామాను?"

"కాలేజీ సామాను. సార్‌కు సూపియ్యాలె."

"కాలేజీ సామాను నా టిఫిన్ క్యారియర్‌లో ఎందుకు కూర్చుంది?"

"బస్సు కుదుపులకు పగులుతదని. నీ క్యారియర్ గట్టిది ఆండాళూ. మీ కోదాడోళ్లు పెట్టిన సారెల అన్నిటికన్న గట్టిది అదే. నీ తర్వాత."

"పొగడ్త తర్వాత. మూత తీయండి."

"తీస్తె ఏమొస్తది?"

"తీయడానికి మీరెందుకు భయపడుతున్నారో తెలిసొస్తుంది. బ్యాక్టీరియా పెంచిన గాజు గిన్నెలే కదా?"

"మూతలు పెట్టి, చుట్టు ప్లాస్టర్ అంటిచ్చినం. దేవసహాయం తన చేత్తోనే అంటిచ్చిండు. ఒక్క పురుగు బయటికి రాదు."

"మీ దేవసహాయం గారు బాటనీ చెప్తారు కదా, వారింట్లో క్యారియర్ లేదా?"

"ఆయన చివ్వెంల నుంచి సైకిల్ మీద వస్తడు. ఆయన క్యారియర్ ఎన్ని సొట్టలు పడ్డదో నువ్వు సూడలే."

"ఎల్లుండి నుంచి నేను దాంట్లో పెరుగన్నం పెట్టి పంపాలి. మీకే."

"పెరుగుల మాత్రం పురుగులు ఉండవా? నువ్వు ఎమ్మెస్సీ చదివినదానివి."

"ఉంటాయి. వాటికి నాతో పరిచయం ఉంది. వీటితో లేదు."

"మెల్లగ. అమ్మకు వినపడుతది."

"నాకు వినపడుతనే ఉన్నది. ఏం పురుగులురా దయాకరా, నా ఇంట్లకు తెచ్చినవ్?"

"సచ్చేటివే అమ్మా. సచ్చే పురుగులు."

"సచ్చేటియి అయితె తెచ్చుడెందుకు?"

"అత్తమ్మా, ఆయన కొత్త మందు తయారు చేశారు కదా. ఆ మందులో తడిపిన కాగితం ముక్క పెడితే, దాని చుట్టూ ఉన్న పురుగులు చస్తాయి. అది హైదరాబాద్‌లో సార్‌కు చూపించాలని తీసుకుపోతున్నారు."

"గట్లనా. మొన్న కందిపప్పుకు పురుగు పట్టిందిరా అంటె ఏం జెయ్యకపోయె."

"అది వేరే పురుగమ్మా."

"నీకు అక్కెరకొచ్చే పురుగు ఎప్పుడూ వేరేనే ఉంటది. నేను జర నడుము వాలుస్త బిడ్డా. వత్తులు గాలికి పోకుంట సూడు."

"పోయి పడుకోండి అత్తమ్మా, నేను చూస్తాను. ఏమండీ, ఇగ మీరు ఇటు రండి. నాకు చూపించకుండానే సార్‌కు చూపిస్తారా?"

"నీకెందుకు సూపియ్య. సూపిస్త. నువ్వు సూసేది వేరే తీరు ఉంటది, అందుకని."

"ఏ తీరు?"

"ఇంటాయన కొత్త అంగి ఏసుకొస్తె, అంగి బాగుందన్నట్టు కాకుంట, గుండీ ఒకటి ఊడింది అన్నట్టు సూస్తవ్."

"ఊడితే ఊడిందనే అంటారు. సరే, ఒక పని చేద్దాం. నేను సార్‌ని అనుకోండి. ఈ కుర్చీలో కూర్చుంటాను. రేపు సార్ అడిగేవన్నీ ఇవాళ నేను అడుగుతాను."

"సార్ ఇట్ల కొంగు దోపుకొని కూసోడు."

"నమస్కారం పెట్టండి ముందు."

"నమస్తే సార్."

"ఊఁ. కూర్చోవయ్యా దయాకర్. ఏం తెచ్చావ్?"

"హైడ్రజోన్లు సార్. ఎనిమిది."

"హైదరాబాద్ జోనా?"

"నువ్వు గూడ మొదలుపెట్టినవా."

"నేనేం మొదలుపెట్టలేదు. మిర్యాలగూడలో మీ అన్నయ్యగారే మొదలుపెట్టారు. మిల్లుకు వడ్లు తెచ్చిన ప్రతి మనిషికీ చెప్తున్నారట, మా తమ్ముడు హైదరాబాద్ జోన్ పని మీదనే తిరుగుతున్నడు, పెద్ద పెద్దోళ్లు ఎరుక అని. మొన్న మీరు కాలేజీకి పోయాక గరిడేపల్లి నుంచి ఒక టీచరు గారు బదిలీ దరఖాస్తు పట్టుకుని వచ్చారు."

"నాకు చెప్పలేదేంది? ఏమన్నవ్ మరి?"

"మా ఆయన జోన్ చాలా చిన్నదండీ, అందులో పడ్డ ప్రాణి బతకదు అన్నాను. చాయ్ తాగి, మళ్లీ వస్తానని చెప్పకుండా పోయారు."

"అన్నకు ఎన్నిసార్లు చెప్పిన. హైడ్రజోన్ అంటె జోన్ గాదన్నా, ఒక పదార్థమన్నా అని. సరె సరె, నువ్వేదైనా ఉండనియ్, జోన్ అయితె ఉన్నది గద అంటడు."

"ఉన్నది నిజమే కదా. కాగితం చుట్టూ పురుగులు చచ్చి మిగిలే ఖాళీని మీరూ జోన్ అనే అంటారు. పాపం ఆయన తప్పేం లేదు. ఎట్లా చేశావయ్యా ఎనిమిది?"

"ఒక హైడ్రజైడ్ తీసుకున్న సార్. ఎనిమిది రకాల ఆల్డిహైడ్లు తెచ్చి, ఒక్కొక్కదాన్ని దానితోని కలిపి స్పిరిట్‌ల మరగబెట్టిన. చల్లారినంక అడుగున పలుకులు పడ్డయ్. కొన్ని లేత రంగు, కొన్ని చిక్కటి రంగు. ఏడోది అన్నిటికన్న మెరుస్తది."

"ఏడో నంబరు అంటే ఆ దాల్చినచెక్క వాసనదేనా?"

"అదే. నీకెట్ల తెలుసు?"

"నాకే కాదు, అత్తమ్మకూ తెలుసు. ఆ వారమంతా మీ అంగీలు దాల్చినచెక్క వాసన వస్తే, బస్టాండు దగ్గర హోటల్లో బిర్యానీ తింటున్నడేమో అడుగు బిడ్డా అని నన్ను పీక్కు తింది. కెమిస్ట్రీ అత్తమ్మా అన్నాను. కెమిస్ట్రీల మసాలా ఎందుకేస్తరు అంది."

"నువ్వు నాకొచ్చిన మర్యాదంతా గిట్ల అరుగు మీద పోస్తున్నవా?"

"సార్‌తో అట్లా మాట్లాడతావా? తర్వాత చెప్పు."

"ఒక్కొక్క మందును స్పిరిట్‌ల కరిగిచ్చి, ఫిల్టర్ కాగితం ముక్కల మీద చుక్క చుక్క పోసి ఆరబెట్టిన సార్. గాజు గిన్నెల జున్ను లెక్క మేత పోసి, దాని మీద దేవసహాయం బ్యాక్టీరియా పూసిండు. ముక్కలు పెట్టి ఇంక్యుబేటర్ల పెట్టినం. తెల్లారి తీసి సూస్తె గిన్నె నిండ పొగమంచు పట్టినట్టు బ్యాక్టీరియా. ఏడో నంబరు చుట్టు మాత్రం అద్దం తుడిచినట్టు."

"మిగిలిన ఏడు?"

"ముక్క అంచుల దాక పెరిగినయ్. కొన్ని ఏకంగ ముక్క మీదికే ఎక్కినయ్."

"మీ కాలేజీ పిల్లలు బల్లలెక్కినట్టు."

"ఏడో నంబరు కాడ మాత్రం ఒక్కటి గూడ దగ్గరికి రాలే. నువ్వు కుర్చీల కూసున్నప్పుడు నేను రానట్టు."

"వస్తూనే ఉన్నారు, తిడితే. అయితే సార్ రేపు సరే అంటే?"

"సరే అంటె థీసిస్ రాసుడు మొదలువెడత. ఎండాకాలం సెలవుల్ల ఇచ్చేస్త. జూన్‌ల నువ్వు సార్ కాడ చేరుతవ్."

"జూన్‌లో."

"జూన్‌ల. నీ పేరు సార్‌కు ఇంక యాదికే ఉన్నది. పోయినసారి గూడ అడిగిండు, ఆండాళు ఎప్పుడొస్తదయ్యా, ఆమె కూసోవల్సిన బల్ల మీద నువ్వు కూసున్నవ్ అని."

"అట్లా అన్నారా? మీరేమన్నారు?"

"నాది ఒడవంగనే ఆమెది సార్ అన్న."

"ఆ మాట మన పెళ్లైన కొత్తలో కూడా అన్నారు."

"అన్న. మరి ఇద్దరం ఒక్కసారి పోతె జీతం ఎట్ల, ఇల్లు ఎట్ల, అమ్మ ఎట్ల? నువ్వే అన్నవ్, ముందుగాల మీరు కానియ్యండి అని."

"అన్నాను. మార్కులు నాకు ఎక్కువొచ్చినా అన్నాను."

"సార్ ఆ ముచ్చట తియ్యడు."

"సార్ తీయరు. నేను తీస్తాను. గిన్నెలు ఇటు పెట్టండి."

"ఇగో, ఇది మొదటిది. ఎట్లున్నది సూడు, ఏడో నంబరు చుట్టు."

"బాగుంది. నిజంగా బాగుంది. పావలా అంత ఖాళీ. రెండోది?"

"ఇది మూడోది. దీంట్ల గూడ ఏడో నంబరు అట్లనే."

"రెండోది అడిగాను."

"రెండోది ఖరాబైంది. కరెంటు పోయి ఇంక్యుబేటర్ చల్లవడ్డది."

"చల్లబడితే బ్యాక్టీరియా పెరగలేదా?"

"పెరిగినయ్."

"గిన్నె నిండా?"

"నిండనే."

"ఏడో నంబరు చుట్టూ కూడా?"

"…చుట్టు గూడ."

"అంటే కరెంటు పోతే మీ పురుగులకు ఏం కాలేదు, మీ మందుకు అయిందా?"

"సార్ ఇన్ని అడగడు."

"సార్ ఇంకా ఎక్కువ అడుగుతారు. నేను ఆయన దగ్గర చదువుకున్నదాన్నే. మొట్టమొదట ఏం అడుగుతారో చెప్పనా?"

"వద్దు."

"ఉత్త కాగితం ఏదయ్యా అంటారు. మందు లేకుండా, ఉత్త స్పిరిట్ చుక్క వేసి ఆరబెట్టిన ముక్క. దాని చుట్టూ పురుగులు మామూలుగా పెరిగితేనే కదా, మందు పనిచేసిందని చెప్పడం."

"పెట్టిన. మొదటి గిన్నెల ఉన్నది సూడు, తెల్లది. దాని చుట్టు నిండ పెరిగినయ్."

"సరే. మూడో గిన్నెలో?"

"ఉన్నది."

"ఎక్కడ?"

"ఉన్నది తియ్. పెట్టకుంట ఉంటనా."

"ఏడు, ఎనిమిది, ఒకటి, రెండు… చుట్టూ ఎనిమిదీ ఉన్నాయి. నడుమ ఉండాలి ఉత్త కాగితం. నడుమ మీరు చీటీ అంటించారు."

"పేరు రాసిన చీటీ. గిన్నె ఎవరిదో తెల్వాలె గద."

"మొదటి గిన్నెకు చీటీ పక్కకు అంటించారు. దీనికి మూత నడిబొడ్డున అంటించారు. బొట్టు పెట్టినట్టు."

"అటు పెట్టినా ఇటు పెట్టినా చీటీ చీటీనే."

"పీకుతున్నాను."

"ఆండాళూ, అది పీకితె మూత కదులుతది."

"ప్లాస్టర్ ఉంది కదా, ఒక్క పురుగు బయటికి రాదన్నారు. ఇదిగో, వచ్చింది. … ఏమండీ."

"ఊఁ."

"ఉత్త కాగితం చుట్టూ కూడా ఖాళీ ఉంది."

"ఉన్నది."

"తెలిసే అంటించారా చీటీ?"

"స్పిరిట్ సరిగ ఆరలేదనుకున్న. స్పిరిట్‌కు గూడ పురుగులు సస్తయ్ గద."

"స్పిరిట్ ఆరకపోతే తొమ్మిది ముక్కల చుట్టూ ఖాళీ రావాలి. అన్నిటి మీదా అదే స్పిరిట్. రెండిటికే ఎందుకు వచ్చింది?"

"నాకేం తెలుసు? నిన్నటి సంది అదే మెదడు తింటున్నది. అన్నం సయిస్తలేదు."

"మధ్యాహ్నం మూడుసార్లు పప్పు వేయించుకున్నారు."

"బాధల ఉన్నప్పుడు మనిషి ఎంత తిన్నడో లెక్క పెట్టొద్దు."

"ఆగండి. కిటికీ దగ్గరికి రండి, వెలుతురులో చూద్దాం. ఈ ఉత్త కాగితం రంగు చూడండి."

"ఏమున్నది?"

"పసుపుపచ్చగా ఉంది. మందు వేయని కాగితం తెల్లగా ఉండాలి. ఏడో నంబరుకు రంగు ఉందంటే అర్థం ఉంది, ఆ మందే ఆ రంగు. ఉత్త కాగితానికి ఎక్కడిది?"

"నా వేలికి ఏడో నంబరు ఉండి ఉంటది. అంటుకున్నది."

"పట్టకారుతో పట్టుకుని పెడతానని గొప్పగా చెప్పేది మీరే కదా. ఆ ఫిల్టర్ కాగితాల కట్ట ఎక్కడుంది?"

"ఎందుకు?"

"ముక్కలు కొట్టింది దాంట్లో నుంచే కదా. ఇటివ్వండి."

"దాన్ని ముట్టకు. చేతి చెమట అంటుతది."

"చెమట కన్నా పెద్దది ఏదో అంటింది దీనికి. చూశారా, ఈ మూల, ఈ మూల. ఇక్కడా ఇక్కడా మరకలు. మిగిలిన రెండు మూలలు మీరు పంచింగ్ మిషన్ పెట్టి జల్లెడ చేశారు. నాలుగు కాగితాల లోపలికి దిగింది మరక. తడిది పెట్టారు ఎవరో. ఫిల్టర్ కాగితం కదా, పీల్చేసింది."

"ఏడో నంబరే ఒలికి ఉంటది, మూలలకు."

"లెక్కగా మూలలకే ఒలికిందా? మీ పాన్ డబ్బీ ఇవ్వండి."

"ఇప్పుడు పాన్ తింటవా నువ్వు?"

"సున్నం కావాలి. వేలితో ఇంత. … ఇదిగో, మరక మీద రాస్తున్నాను. ఏమైంది?"

"…ఎర్రగైంది."

"పారాణి. పసుపుకు సున్నం తగిలితే ఏమవుతుందో తెలియడానికి ఎమ్మెస్సీ అక్కర్లేదు."

"ఏడో నంబరుకు సున్నం తగిలినా ఎర్రగనే అయితదేమో. నువ్వు సూసినవా?"

"ఇది మంచి మాట. ఇప్పుడు కెమిస్ట్రీ లెక్చరర్‌లాగా మాట్లాడారు. ఏడో నంబరు సీసా ఇవ్వండి, ఒక్క పలుకు. తెల్ల కాగితం మీద. సున్నం. … చూడండి."

"సూస్తున్న."

"ఎట్లా ఉన్నది అట్లాగే ఉంది. అవునా?"

"అవును."

"కోపం వచ్చిందా?"

"కోపం గాదు. ఏడో నంబరును ఎంత మంచిగ చేసిన ఆండాళూ. మూడుసార్లు కడిగి, మూడుసార్లు పలుకులు పట్టిన. అద్దం లెక్క మెరుస్తది."

"మెరుస్తుంది. పురుగులను చంపదు, అంతే. మొదటిసారి మూల నుంచి ముక్కలు కొట్టారు. ఒక ముక్క పసుపులో పడింది, దాని మీద ఏడో నంబరు చుక్క పోశారు. దాని రంగులో ఈ రంగు కలిసిపోయింది. రెండోసారి నడుమ నుంచి కొట్టారు, ఏమీ రాలేదు. మూడోసారి మళ్లీ మూల. ఈసారి పసుపు ముక్కలు రెండు. ఒకటి ఏడో నంబరుకు పోయింది, ఒకటి ఉత్త కాగితానికి."

"అంటె రెండేండ్ల నా మందు…"

"మీది కాదు. పోపు డబ్బాది."

"నవ్వకు."

"నవ్వడం లేదు. కొంచెం నవ్వాను. ఇప్పుడు చెప్పండి, దీనికి పసుపు ఎవరు పెట్టారు?"

"అమ్మ పెట్టి ఉంటది."

"ఏమన్నారు?"

"కొత్త వస్తువు ఇంట్లకొస్తె పసుపు పెట్టాలంటది గద. మిల్లుల కొత్త తక్కెడ కొన్నా, నా సైకిల్ కొన్నా. కాగితం కట్ట కొత్తది గద, పెట్టి ఉంటది."

"పెట్టాలంటుంది. పెట్టదు."

"ఏం?"

"మామయ్య గారు పోయిన దగ్గర నుంచి, కూరలో వేయడానికి తప్ప అత్తమ్మ పసుపు ముట్టడం నేను చూడలేదు. మొన్న కొత్త కుండకు పెట్టమంటే, నా చేత్తోని వద్దు బిడ్డా అని పక్కింటి కమలను పిలిపించింది. మీకు సైకిల్ కొన్నప్పుడూ పెట్టింది నేనే, ఆమె దూరంగా నిలబడి చెప్పింది. మీరు కొడుకు అయ్యుండి అది చూడలేదా?"

"…సూసిన."

"చూసి కూడా ఆమె మీద వేశారు."

"తప్పే. ఆ మాట నా నోట్లెకెల్లి రావద్దుండె."

"అత్తమ్మ నిద్రపోతున్నది కాబట్టి సరిపోయింది. నేను పెట్టలేదు. ఆ కట్ట తెచ్చిన రోజే నన్ను ముట్టొద్దన్నారు. అత్తమ్మ పెట్టలేదు. దేవసహాయం గారింట్లో పసుపు పెట్టే ఆచారం లేదు. ఇంకెవరు మిగిలారు ఈ ఇంట్లో?"

"పిల్లి."

"పిల్లి నాలుగు మూలలకు పెట్టదు."

"…నేనే."

"మీరా?"

"నేనే పెట్టిన. ఇగ అను, ఏమంటవో అను."

"గ్రహణం నాడు కాలేజీ మైదానంలో పిల్లలందరి ముందు పులిహోర తిన్నది మీరేనా?"

"నేనే."

"పరీక్షల ముందు హాల్ టికెట్లకు బొట్టు పెట్టుకొచ్చారని ముగ్గురిని నిలబెట్టి నవ్వింది?"

"నేనే అన్న గద."

"కాదు, వేరే దయాకర్ ఎవరన్నా ఉన్నారేమో అని. సూర్యాపేట పెద్దదే కదా."

"పుట్టుక ఆండాళూ. మేం మిల్లోళ్లం. నాయిన కొత్త గోనెసంచుల కట్టకు గూడ పసుపు పెట్టకుంట విప్పనియ్యకపోతుండె. చెయ్యి దానంతట అదే పోయింది."

"చెయ్యి దానంతట అది పోతే ఒక మూలకు పోతుంది. తడిపి, కలిపి, నాలుగు మూలలకూ సమానంగా పెట్టారు. ఏం మొక్కుకున్నారు?"

"ఏం మొక్కలే."

"మొక్కకుండా పసుపు పెట్టరు."

"ఊకెనే పెట్టిన అన్న గద. ఇడిసిపెట్టు. రేపటి సంగతి చెప్పు, ఏం చేద్దాం?"

"ఏం చేయాలో మీకు తెలుసు. చీటీ పక్కకు అంటించి తీసుకుపొండి. రెండో గిన్నె కూడా తీసుకుపొండి, పారేయకపోతే."

"పారెయ్యలే. కాలేజీలనే ఉన్నది."

"పొద్దున బస్సు ఎక్కేముందు తీసుకోండి. మూడూ ముందర పెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

"చెప్తె సార్ ఏమంటడో తెలుసా? ఎనిమిదీ పనికి రావు, ఇంకో పది చేసుకొని రా అంటడు. ఇంకో ఏడాది. నీ జూన్ పోతది."

"పోతుంది."

"అంత సులువుగ అంటున్నవ్."

"సులువుగా అనడం లేదు. జూన్ కోసం ఒక తెల్ల చీర కూడా తీసి పెట్టుకున్నాను, ల్యాబులో మరకలు పడితే తెలుస్తాయని. మళ్లీ పెట్టెలో పెడతాను."

"నేను చీటీ అంటిచ్చింది నీ జూన్ కోసమే. ఒట్టు."

"నాకోసం అబద్ధం చెప్తానంటే నేను సంతోషపడాలా? దొంగ ఏడో నంబరు మీద నడిచిపోయి నేను ఆ బల్ల ముందు కూర్చుంటే, నేను పెట్టే ఉత్త కాగితాన్ని ఎవరు నమ్ముతారు? నేనే నమ్మను."

"సరె. చెప్త. ఉన్నది ఉన్నట్టు చెప్త. పసుపు ముచ్చట గూడ చెప్పాల్నా?"

"అదే ముందు చెప్పండి. సార్ నవ్వుతారు. నవ్విన మనిషి తొందరగా కోప్పడడు."

"నీకు కోపం లేదు గద?"

"కోపం కాదు. ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి."

"అడుగు."

"పోయిన పండక్కి కోదాడ పోయినప్పుడు మా అమ్మ ఏమన్నదో తెలుసా? మీ ఆయనది ఎన్నటికీ ఒడవదే, ఒడిస్తే నువ్వు బయలుదేరతావని ఆయనకు తెలుసు, ఒడవకుండా చూసుకుంటున్నాడు అంది."

"మీ అమ్మ అన్నదా?"

"మా అమ్మతో పోట్లాడాను. ఆ పూట అన్నం కూడా తినలేదు. కానీ ఇక్కడికొచ్చాక ఒక్కో రోజు, మీరు సాయంత్రం పూట దేవసహాయం గారితో అరుగు మీద కూర్చుని నవ్వుకుంటుంటే, లోపల నేను అంట్లు తోముకుంటూ అనుకున్నాను. అమ్మ అన్నది నిజమేనేమో అని."

"నిజం కాదు."

"కాదని మీరంటారు. ఎట్లా నమ్మాలి? మాటకు ఉత్త కాగితం ఉండదు కదా, పక్కన పెట్టి చూసుకోవడానికి."

"నేను ఏం చెప్తె నమ్ముతవ్?"

"చెప్పమని అడిగినదే చెప్పడం లేదు మీరు. ఏం మొక్కుకున్నారంటే ఊకెనే అంటారు."

"అది చెప్తె నువ్వు నవ్వుతవ్."

"నవ్వను."

"ఇంకో ఏడాది దాక నవ్వుతవ్. పోయే ముచ్చటకు వచ్చే ముచ్చటకు అదే తీస్తవ్."

"దయాకరా, నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?"

"అమ్మా, నువ్వు పండుకోలేదా?"

"మీరు పండనిస్తిరా? సున్నమంటిరి, పసుపంటిరి, పిల్లంటిరి. పసుపు నా మీద ఏసినప్పుడే లేద్దామనుకున్న. కోడలు ఏమంటదో ఇందామని ఊకున్న."

"అమ్మా, వద్దే."

"చెప్పండి అత్తమ్మా. ఏం మొక్కుకున్నారు ఈయన?"

"ఆ కాగితాల కట్ట తెచ్చిన్నాడు నువ్వు నల్ల కాడికి నీళ్లకు పోయినవ్ బిడ్డా. వీడొచ్చి, అమ్మా పసుపు భరిణె యాడున్నదే అన్నడు. నీకెందుకురా పసుపు అన్న. ఒక్క పని గావాలె, ఎట్ల మొక్కుతరో నాకు తెల్వదు, చెప్పవే అన్నడు. నేను ముట్టనురా, నువ్వే తడుపుకో, ఎవరి పని గావాలెనో వాళ్ల పేరు తలుసుకుంట మూల మూలకు పెట్టు అన్న. పెట్టిండు. నాది ఒడవాలని అంటడనుకున్న బిడ్డా, నాలుగు మూలలకూ నీ పేరే అన్నడు."